పొగగొట్టం లోపల నల్లగా మెరిసే పూత పట్టింది. కట్టెల స్టవ్ వెలిగించొచ్చా?

వెర్మాంట్_కొత్తిల్లు:

అందరికీ నమస్కారం. ఈ వేసవిలో వెర్మాంట్‌లో, మాంట్‌పీలియర్ నుంచి అరగంట దూరంలో ఉన్న ఒక పల్లెలో ఇల్లు కొనుక్కున్నాం. 1974లో కట్టిన ఇల్లు. ఆయిల్ ఫర్నేస్ ఉంది, హాల్లో పోత ఇనుముతో చేసిన కట్టెల స్టవ్ కూడా ఉంది. ఆయిల్ ధర చూశాక వీలైనంతవరకు కట్టెలతోనే చలికాలం గడుపుదామనుకున్నాం. కరీంనగర్ నుంచి అత్తగారు, మామగారు వచ్చి ఉన్నారు. ఇంట్లో పదినెలల పాప. ఇల్లు వెచ్చగా లేకపోతే కుదరదు.

అక్టోబరు మొదటి నుంచీ రోజూ సాయంత్రం వెలిగిస్తున్నాం. పడుకునే ముందు నిండా కట్టెలు పెట్టి, గాలి వచ్చే మీట పూర్తిగా మూసేస్తున్నాం. తెల్లారేదాకా నిప్పు ఉంటోంది. మామగారికి తెల్లవారుజామున చలి తట్టుకోవడం కష్టం, అందుకని.

ఇప్పుడు టెన్షన్ ఏంటంటే, స్టవ్ తలుపుకున్న అద్దం రెండు రోజులకే నల్లబడిపోతోంది. గొట్టం అతుకు దగ్గర గోధుమరంగు నీళ్లలాంటిది కారి స్టవ్ మీద మరకలు పడుతున్నాయి. ముక్కు మండేంత ఘాటు వాసన. నిన్న స్టవ్ పూర్తిగా చల్లారాక మావారు గొట్టం మొదటి ముక్క ఊడదీసి టార్చి వేసి చూస్తే, లోపలంతా నల్లగా, నున్నగా మెరుస్తోంది. స్క్రూడ్రైవర్‌తో గీకినా రాలేదు.

కట్టెలు అమ్మినాయన బాగా ఎండినవే అన్నాడు. రెండు కార్డ్‌లు (ఇక్కడ కట్టెలు కొలిచే లెక్క అది) తీసుకున్నాం. మంటలో వేస్తే కొసల్లోంచి నురుగు వచ్చి సుయ్‌మంటున్నాయి. ఇల్లు అమ్మినవాళ్లు చిమ్నీ ఏటా శుభ్రం చేయించామన్నారు గానీ రసీదు ఏదీ చూపించలేదు. ఇల్లు కొనేటప్పుడు ఇచ్చిన ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో "చిమ్నీ లోపలి భాగం చూడలేదు, నిపుణులతో చూపించుకోండి" అని ఒక లైను ఉంది.

హార్డ్‌వేర్ షాపులో చిమ్నీ శుభ్రం చేసే దుంగ అని ఒకటి అమ్ముతున్నారు. అది కాలిస్తే సరిపోతుందా? చిమ్నీ స్వీప్‌కి, అంటే చిమ్నీలు శుభ్రం చేసేవాళ్లకి, ఫోన్ చేస్తే మూడు వారాలదాకా ఖాళీ లేదన్నారు. ఈలోగా చిన్న మంట పెట్టుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

ఎడిసన్_వాసి:

మాకు న్యూజెర్సీలో ఫైర్‌ప్లేస్ ఉందండి. థాంక్స్‌గివింగ్‌కీ, క్రిస్మస్‌కీ వెలిగిస్తాం. ఏటా ఆ దుంగ ఒకటి కాలుస్తాం, ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ రాలేదు. మీరూ ఒకటి కాల్చి చూడండి. పైన్ కట్టె మాత్రం వాడకండి. దాని జిగురే గొట్టానికి పడుతుందని మా పక్కింటాయన చెప్పారు.

ఎండుకట్టె:

అమ్మా, ముందు ఒక్క మాట. స్వీప్ వచ్చి చూసేదాకా ఆ స్టవ్ వెలిగించకండి. చిన్న మంట వద్దు, దుంగ కూడా వద్దు. ఈ మూడు వారాలూ ఆయిల్ మీదే నడపండి. ఖర్చవుతుందని తెలుసు. అయినా మీ గొట్టంలో ఉన్నది చూస్తే వేరే మాట చెప్పలేను.

నేను న్యూ హాంప్‌షైర్‌లో, వైట్ మౌంటెన్స్‌కి ఉత్తరాన ఉంటాను. మా ఇంటికి కట్టెలే ఆధారం. ఫర్నేస్ ఉందిగానీ ఊరెళ్లినప్పుడే దాని అవసరం. అందుకే మీ పోస్టు చూసి ఊరుకోలేకపోయాను.

మీవారు చూసినదాన్ని క్రియోసోట్ అంటారు. అది ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. కట్టెను మంటలో వేస్తే ముందు అందులో నీరు ఆవిరైపోవాలి. ఆ తర్వాత వేడికి కట్టె వాయువులూ తారూ వదులుతుంది. కట్టె ఇచ్చే వేడిలో సగానికి పైగా ఆ వాయువుల్లోనే ఉంటుంది. అవి పూర్తిగా మండాలంటే దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, దాంతోపాటు గాలి కావాలి. మీట మూసేశారంటే గాలి అందదు. కట్టె పచ్చిదైతే ఉన్న వేడంతా నీటిని తరమడానికే ఖర్చయిపోతుంది. మండకుండా మిగిలిన తారు పొగతో కలిసి పైకి పోతుంది. గొట్టం లోపలి గోడ 250 ఫారెన్‌హీట్, అంటే 120 సెల్సియస్ కన్నా చల్లగా ఉన్నచోట చెమ్మలా దిగి అంటుకుపోతుంది. మీ అతుకు దగ్గర కారుతున్నది అదే. అద్దం మీద నలుపూ అదే.

ఇది మూడు రకాలుగా ఉంటుంది. పొడి మసి అయితే బ్రష్‌కి రాలిపోతుంది. నల్లని పెళుసు రేకులు కాస్త మొండివి, అయినా గట్టి బ్రష్‌కి లొంగుతాయి. మూడోది, తారు పొర మీద పొర దిగి వేడికి గట్టిపడి మెరిసేది. మీది ఇదే. బ్రష్‌కి రాదు. కొన్ని చోట్ల రసాయనం పూసి, కొన్ని రోజులు ఆగి, గొలుసులు తిరిగే యంత్రంతో రాలగొడతారు. అదీ పని చేయకపోతే లోపలి గొట్టమే మార్చాలి. అన్నింటికంటే బాగా మండేదీ, ఎక్కువ వేడి ఇచ్చేదీ ఇదే. చిమ్నీలో అంటుకుంటే వేడి 2000 ఫారెన్‌హీట్, అంటే దాదాపు 1100 సెల్సియస్ దాకా పోవచ్చు. ఇటుక చిమ్నీ లోపల ఉండే మట్టి గొట్టాలు ఆ వేడికి పగులుతాయి. పగిలిన సందులోంచి వేడి నేరుగా గోడలోని చెక్కకి తగులుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ప్రతి చిమ్నీ మంటా చప్పుడు చేసుకుంటూ రాదు. గాలి తక్కువగా ఉంటే లోపలే మెల్లగా కాలి ఆరిపోతుంది, ఇంట్లోవాళ్లకి తెలియను కూడా తెలియదు. తర్వాత ఎప్పుడో స్వీప్ చూసినప్పుడు, పొంగి గుల్లబారిన క్రియోసోటూ పగిలిన మట్టి గొట్టాలూ కనిపిస్తాయి. ఆ పగుళ్లతోనే మళ్లీ మళ్లీ వెలిగిస్తూ ఉంటే రెండోసారో మూడోసారో ఇల్లే పోవచ్చు. అందుకే "ఇప్పటిదాకా ఏమీ కాలేదు" అన్న మాట మీద ఆధారపడొద్దంటాను.

ఎడిసన్ వారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ ఏడాదికి రెండుసార్లు బాహాటంగా మండే ఫైర్‌ప్లేస్ వేరు, రోజూ రాత్రంతా మూసి ఉంచే స్టవ్ వేరు. ఆ దుంగలోని రసాయనం తారును ఎండబెట్టి కొంత పెళుసుగా చేస్తుంది, నిజమే. పెళుసైనదాన్ని బ్రష్‌తో తీయాల్సిందే, లేకపోతే రాలిన రేకులు గొట్టం మలుపులో పేరుకుని దారి మూసేస్తాయి. పైగా ఇంత పూత ఉన్న గొట్టం కింద దేన్నయినా కాల్చడమే ప్రమాదం.

పైన్ విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ మాట న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య రాష్ట్రాలు) అంతటా వినిపిస్తుంది. కొలరాడో, మోంటానా కొండల్లో ఇళ్లవాళ్లు ఎక్కువగా కాల్చేది పైన్, ఫర్ కట్టెలే. అక్కడ ఓక్ దొరకడం తక్కువ. తేడా జాతిలో లేదు, తేమలో ఉంది. ఎండిన పైన్ శుభ్రంగా మండుతుంది, కాకపోతే త్వరగా అయిపోతుంది. పచ్చి మేపుల్ గొట్టాన్ని పాడు చేస్తుంది.

ఇక కట్టెలు. మీ వర్ణన చూస్తే అవి పచ్చివే. నురుగు వచ్చి సుయ్‌మన్నాక వేరే సాక్ష్యం అక్కర్లేదు. అయినా తేమ కొలిచే చిన్న మీటర్ ఒకటి కొనండి. ఒక కట్టెను అప్పటికప్పుడు చీల్చి, కొత్తగా తెరుచుకున్న ముఖం మధ్యలో ముళ్లు గుచ్చాలి. పైన బెరడు మీదో, ఎండిన కొసలోనో పెడితే తప్పుడు లెక్క చూపిస్తుంది. 20 శాతం దాటితే ఆ కట్టె ఈ ఏడాదికి కాదు. చీల్చి, నేలకి తగలకుండా పేర్చి, పైన మాత్రం కప్పి, పక్కలు గాలికి వదిలితే బిర్చ్, మేపుల్ ఒక వేసవికి దారికొస్తాయి. ఓక్‌కి రెండు వేసవులు కావాలి. ఒక కార్డ్ అంటే 128 ఘనపుటడుగులు. పచ్చి ఓక్ కార్డ్‌లో ఎండినదానికంటే ఐదారు వందల లీటర్ల నీరు ఎక్కువ ఉంటుంది. ఆ నీటినంతా మీ స్టవ్ ఆవిరి చేయాలి.

మాది కందుకూరు వైపు. ఇంటి పక్కనే పొగాకు బ్యారన్ ఉండేది. కట్టెలు పెట్టి, ఇనుప గొట్టాల వేడితో ఆకు క్యూరింగ్ చేసేవాళ్లం. ఎండిన ఆకు ఒకటి గొట్టం మీద రాలితే చాలు, బ్యారన్ మొత్తం అంటుకునేది. అందుకని నాన్న రాత్రిళ్లు అక్కడే మంచం వేసుకుని పడుకునేవారు. గొట్టం పైన ఏముందో, లోపల ఏముందో చూడకుండా కట్టె పెట్టకూడదన్నది నాకు అక్కడే ఒంటబట్టింది.

స్వీప్‌ని పిలిచేటప్పుడు "లెవెల్ 2 ఇన్‌స్పెక్షన్ కావాలి" అని స్పష్టంగా అడగండి. అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణకి ప్రమాణాలు రాసే సంస్థ ఎన్.ఎఫ్.పి.ఏ. వాళ్ల 211 అనే ప్రమాణం ప్రకారం ఇల్లు చేతులు మారినప్పుడు చేయించాల్సింది అదే. గొట్టం లోపలికి కెమెరా పంపి ఆసాంతం చూస్తారు, అటక నుంచి కూడా చూస్తారు. సి.ఎస్.ఐ.ఏ. (చిమ్నీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా) సర్టిఫికెట్ ఉన్నవాళ్లయితే మంచిది. వీడియో, రాతపూర్వక రిపోర్టు రెండూ తీసుకోండి. ఈలోగా బైనాక్యులర్ ఉంటే కిందినుంచే చిమ్నీ టోపీ చూడండి. దాని చుట్టూ ఉండే జాలీ అన్నిటికంటే చల్లని చోటు, ముందు పూడేది అదే. అది పూడితే పొగ ఇంట్లోకి తిరిగొస్తుంది, దాంతో కార్బన్ మోనాక్సైడ్ కూడా. పడకగదుల దగ్గర ఆ అలారం ఉందో లేదో ఈ రోజే చూడండి. ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లకి కట్టెల స్టవ్ ఉందని చెప్పారా? చెప్పకపోతే చెప్పండి.

మంటలబండి_413:

పశ్చిమ మసాచుసెట్స్‌లో మా టౌన్ వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. పైన ఎండుకట్టె గారు చెప్పినదానికి ఒక్కటే కలుపుతాను, చిమ్నీ అంటుకుంటే ఏం చేయాలో.

గొట్టంలోంచి రైలు పోతున్నట్టు హోరు వినిపిస్తుంది. స్టవ్ పైన గొట్టం ఎర్రబడొచ్చు, వణకొచ్చు. బయట చిమ్నీ కొసన నిప్పురవ్వలు, దట్టమైన పొగ. అలా అయితే ముందు పాపనీ పెద్దవాళ్లనీ బయటికి పంపండి. దగ్గరికి వెళ్లగలిగేలా ఉంటే స్టవ్ తలుపు, గాలి మీట మూసేయండి. గాలి ఆగితే మంట బలం తగ్గుతుంది. వెళ్లలేకపోతే వదిలేయండి. బయటికి వచ్చి 911. గొట్టంలో నీళ్లు పోయొద్దు. కాలుతున్న మట్టి గొట్టం మీద నీళ్లు పడితే పగిలిపోతుంది, మంట గోడలోకి దారి చేసుకుంటుంది. హోరు ఆగిపోయినా సరే ఫోన్ చేయండి. "అనవసరంగా పిలిచామేమో" అని మొహమాటపడేవాళ్లని చూశాను. మా పని అదే, పిలవండి.

మేం వచ్చాక పై నుంచి పొడి రసాయనం నింపిన చిన్న ప్లాస్టిక్ సంచులు జారవిడుస్తాం. సంచి కరిగి పొడి మంట మీద పడుతుంది. ఆ పని తొందరగానే అయిపోతుంది. ఎక్కువసేపు అటకలో, గోడల దగ్గర థర్మల్ కెమెరాతో వెతుకుతాం. ఏళ్ల తరబడి వేడి తగిలిన చెక్క గుణం మారిపోతుంది, మామూలు చెక్క కంటే చాలా తక్కువ వేడికే రాజుకుంటుంది. గొట్టంలో మంట ఆరిపోయిన కొన్ని గంటల తర్వాత గోడలో పొగ లేవడం ఉంది.

మీ అత్తగారు, మామగారు పగలు పాపతో ఇద్దరే ఉంటారా? అలాగైతే ఇంటి చిరునామా పెద్ద అక్షరాలతో, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఫోన్ దగ్గర అంటించండి. ముందు "ఫైర్" అని, తర్వాత చిరునామా, ఆ తర్వాత "తెలుగు" అని చెప్పమనండి. చాలా 911 కేంద్రాలు ఫోన్లోనే దుభాషిని కలుపుతాయి. ఒకసారి ఇద్దరిచేతా చదివించి చూడండి. చలికి బయట ఎక్కడ నిలబడాలో కూడా ముందే అనుకోండి, ఏ పక్కింటికి వెళ్లాలో.

వెర్మాంట్_కొత్తిల్లు:

అందరికీ చాలా చాలా థాంక్స్. మీ మాట ప్రకారం స్టవ్ ముట్టుకోలేదు. స్వీప్ వచ్చి కెమెరాతో చూశారు. బయటి గోడకి ఉన్న ఇటుక చిమ్నీ అండి. లోపల మట్టి గొట్టం కొలత ఆరున్నర, పదిన్నర అంగుళాలు. స్టవ్ గొట్టం ఆరంగుళాల గుండ్రం. మధ్యలో రెండు చోట్ల మట్టి గొట్టం నిలువుగా పగిలింది. పైభాగంలో పొంగిన గుల్ల కూడా ఉంది, ఎప్పుడో ఒక మంట వచ్చి పోయిందని ఆయన అన్నారు. అది విన్నాక మావారికి నోట మాట రాలేదు. మేం ఆ గోడ పక్క గదిలోనే పాపని పడుకోబెడుతున్నాం.

పూత రాలగొట్టి, స్టెయిన్‌లెస్ లైనర్ (చిమ్నీ లోపల దించే స్టీలు గొట్టం) వేసి, చుట్టూ ఇన్సులేషన్ చుట్టాలన్నారు. డిసెంబరు మొదట్లో చేస్తారు. ఖర్చు బాగానే ఉంది. ఇన్సులేషన్ నిజంగా అవసరమా? తేమ మీటర్ కొన్నాం, కట్టెలు 31 నుంచి 38 శాతం చూపిస్తున్నాయి. వాటిని ఏం చేయాలి? ఇంకో సంగతి, అత్తగారు పాపకి స్నానం చేయించాక స్టవ్‌లోంచి నిప్పులు పళ్లెంలోకి తీసి సాంబ్రాణి వేస్తారు. అది ఆపమనాలా?

ఎండుకట్టె:

ఇన్సులేషన్ తప్పకుండా వేయించండి. ఆ డబ్బు మిగుల్చుకోవద్దు. మీ గొట్టం అంత చెడిపోవడానికి పచ్చి కట్టె ఒక్కటే కారణం కాదు, ఆ చిమ్నీ కూడా. ఆరంగుళాల గుండ్రపు గొట్టం వైశాల్యం 28 చదరపు అంగుళాలు. మీ మట్టి గొట్టం 68. ఇరుకు గొట్టంలోంచి వచ్చిన పొగ ఒక్కసారిగా వెడల్పు చోట పడితే నెమ్మదిస్తుంది, చల్లబడుతుంది. పైగా చిమ్నీ బయటి గోడకి ఉంది, మూడు వైపులా వెర్మాంట్ చలి. బయటి చిమ్నీకి స్టవ్ గొట్టం వైశాల్యానికి రెండింతలు మించకూడదన్నది అదే 211 ప్రమాణంలో ఉంది. ఆరంగుళాల లైనర్ ఇన్సులేషన్‌తో వేస్తే పొగ పైదాకా వేడిగానే వెళుతుంది. తారు దిగదు, చిమ్నీ లాగుడు కూడా బాగుంటుంది.

కట్టెలు పారేయకండి. 31 శాతం ఉన్నవి చీలిక చేసి ఎండ తగిలే చోట పేర్చితే వచ్చే చలికాలానికి మంచి కట్టెలవుతాయి. ఈ ఏడాదికి అచ్చులో నొక్కి చేసిన కట్టె ఇటుకలు దొరుకుతాయి, రంపపు పొట్టుతో చేసినవి. వాటిలో తేమ పది శాతం లోపే. స్టవ్ నిండా పెట్టొద్దు, బాగా వేడి ఇస్తాయి. రెండు మూడుతో మొదలుపెట్టి చూడండి. లేదా బట్టీలో ఆరబెట్టిన కట్టె కొనండి, కొన్నా సరే మీటర్ గుచ్చి చూశాకే దించుకోండి. అమ్మేవాళ్ల ముందే ఒకటి చీల్చమనండి, మొహమాటం లేదు. కట్టెలు దగ్గర ఊళ్లోవే కొనండి. దూరం నుంచి తెచ్చిన కట్టెతో యాష్ చెట్లను చంపే పురుగు కూడా వస్తోంది.

మంట నడిపే తీరు మార్చుకోవాలి. గొట్టానికి అతికే అయస్కాంతం థర్మామీటర్ ఒకటి కొని, స్టవ్ పైన అడుగున్నర ఎత్తులో పెట్టండి. సింగిల్ వాల్ (ఒకే పొర ఉన్న) గొట్టం అయితే 250 నుంచి 475 ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. అంతకు తగ్గితే తారు దిగుతోందని, పెరిగితే స్టవ్ మితిమీరిందని. డబుల్ వాల్ (రెండు పొరలది) అయితే లోపలికి గుచ్చే రకం కావాలి, పైన అతికేది తప్పు చూపిస్తుంది. కొత్త కట్టె వేసిన ప్రతిసారీ పావుగంట, ఇరవై నిమిషాలు గాలి మీట పూర్తిగా తెరవండి. కట్టె అంచులు నల్లబడి మంట పట్టాక మెల్లమెల్లగా తగ్గించండి. ఎప్పుడూ పూర్తిగా మూయొద్దు. స్టవ్‌లో మంట కనిపిస్తూ ఉండాలి, చిమ్నీలోంచి కంటికి కనిపించే పొగ రాకూడదు. మీ మామగారికి ఈ రెండు గుర్తులూ చూపించండి, ఆయన మనకంటే బాగా నడుపుతారు. తెల్లవారుజామున చలి అంటారా, ఫర్నేస్‌ని 62 ఫారెన్‌హీట్ మీద పెట్టి పడుకోండి. నిప్పు తెల్లారేదాకా నిలవాలని ఊపిరాడనివ్వకుండా మూస్తే మళ్లీ మొదటికే వస్తుంది. అట్టపెట్టెలు, గిఫ్ట్ కాగితాలు అందులో వేయొద్దు, ఎగసిన మంటే గొట్టాన్ని అంటించేది.

సాంబ్రాణి ఆపక్కర్లేదు. నిప్పులు ఇనుప పళ్లెంలోనే తీయాలి, కాసిన్నే తీయాలి, గది తలుపు తెరిచి ఉండాలి. పని అయ్యాక ఆ నిప్పులు మళ్లీ స్టవ్‌లోనే పోయమనండి. కార్పెట్ మీద పెట్టొద్దు. బూడిద మాత్రం జాగ్రత్త. నివురుగప్పిన నిప్పు రోజుల తరబడి ఉంటుంది, పై నుంచి చల్లగా కనిపించినా సరే. మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, ఇంటికి పదడుగుల దూరంలో, రాయి మీదో మట్టి మీదో పెట్టండి. వరండా చెక్క మీద పెట్టినవాళ్ల ఇళ్లు ఇక్కడ ఏటా కాలుతూనే ఉన్నాయి.

లైనర్ వేసేటప్పుడు పక్కనే ఉండి రెండు చూసుకోండి. గొట్టం ముక్కల్లో సన్నగా నొక్కిన కొస కిందికి, స్టవ్ వైపుకి ఉండాలి. అప్పుడు ఏదైనా కారినా బయటికి రాదు, లోపలికే పోతుంది. మీ మరకలు చూస్తే ఇప్పుడవి తలకిందులుగా ఉన్నాయనిపిస్తోంది. ప్రతి అతుక్కీ మూడు స్క్రూలు ఉండాలి. వెలిగించిన నెలకి మొదటి ముక్క విప్పి చూడండి. పూత మూడు మిల్లీమీటర్లకి వచ్చిందంటే స్వీప్‌ని పిలవాల్సిందే. అప్పుడు పూత మందం, కట్టె తేమ, గొట్టం మీద మీరు నడిపిన వేడి, మూడూ ఇక్కడ రాయండి. ఏం మార్చాలో చూసి చెబుతాను.